అటక మీది క్యాసెట్లు దించండి! పాడినవాళ్ల పేర్లు రాయండి!



మీ ఇంట్లో అటక మీదో, బీరువా అడుగునో, పాత టేప్‌రికార్డర్ పెట్టిన అట్టపెట్టెలోనో కొన్ని క్యాసెట్లు ఉండే ఉంటాయి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు వాటిని పాత సామాన్ల బండికి వేయకండి. ఈ కాగితం అడుగుతున్న మొదటి కోరిక ఇదే. ఎందుకు అడుగుతున్నామో కింద రాశాం. బస్సు వచ్చేలోగా చదవడం పూర్తి కాకపోతే జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాక చదవండి.

"పాటలన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదా, ఈ క్యాసెట్లు ఎవరికి కావాలి?" అంటున్నారు చాలామంది. ఫోన్లో ఉన్నవి ఏవో, లేనివి ఏవో ఒకసారి లెక్క చూద్దాం. ఘంటసాల, సుశీల, బాలు పాడిన సినిమా పాటలు ఉన్నాయి. ఘంటసాల చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఉంది. ఎన్టీ రామారావు 'దానవీరశూరకర్ణ' డైలాగులు ఉన్నాయి. వీటికి యజమానులు ఉన్నారు కాబట్టి ఉన్నాయి. హెచ్‌.ఎం.వి. పేరుతో ప్లేట్లు వేసిన గ్రామఫోన్ కంపెనీయే ఇవాళ్టి సారెగమ. తన గోదాముల్లోని పాత పాటలకు ఇంకా గిరాకీ ఉందని గ్రహించి, 2017లో కారవాన్ అనే రేడియోలాంటి పెట్టెలో 5,000 పాత హిందీ పాటలు నింపి అమ్మింది. తర్వాత తెలుగు పాటల పెట్టె కూడా వచ్చింది. ఆదిత్య, లహరి వంటి కంపెనీలు క్యాసెట్ల కాలంలో కొన్న హక్కులను యూట్యూబ్‌లోకి, యాప్‌లలోకి తెచ్చుకున్నాయి. సినిమా పాట గురించి మాకు బెంగ లేదు.

మా బెంగంతా మిగతా పాట గురించి. జిల్లా కేంద్రంలో ఒక చిన్న స్టూడియోలో, రాత్రికి రాత్రి, ఒకే మైకు ముందు కూర్చుని పాడిన ఒగ్గుకథ. సంక్రాంతికి ఊళ్లోకి వచ్చిన బుర్రకథ దళం తమ ఖర్చుతో వేయించుకున్న రెండు క్యాసెట్ల సెట్టు. సురభి నాటకం చూసి వచ్చిన ఎవరో హాల్లోనే టేప్ చేసుకున్న పద్యాలు. చర్చిల్లో, ఉర్సుల్లో, జాతరల్లో, భజన గుళ్లలో అమ్మిన పాటలు. ఉద్యమ సభల దగ్గర దుప్పటి పరిచి అమ్మిన పాటలు. ఇవి కొన్ని వందల ప్రతులుగా వచ్చాయి, బస్టాండు కొట్లో అమ్ముడుపోయాయి. క్యాసెట్ల అమ్మకం పడిపోగానే వాటిని వేసిన చిన్న కంపెనీలు షట్టర్లు దించేశాయి. అసలు టేపు ఎక్కడుందో పాడినవాళ్లకే తెలియదు. చాలా పాటలకు ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క ప్రతి మీ ఇంట్లో ఉన్నదే కావచ్చు.

క్యాసెట్‌లోని టేపు పల్చటి ప్లాస్టిక్ రిబ్బను. దాని మీద ఇనుప తుప్పు పొడిని జిగురుతో పూస్తారు. పాట ఆ పొడిలోనే ఉంటుంది. మన కోస్తా ఉక్కకు, వానాకాలపు చెమ్మకు ఆ జిగురు పట్టు తప్పుతుంది, బూజు పడుతుంది. 1985లో కొన్న క్యాసెట్‌కు నలభై ఏళ్లు నిండాయి. దాన్ని ఆడించే ప్లేయర్ బాగుచేసే మెకానిక్కులూ ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. అందుకే ఇంత తొందర.

పాట ఏ పెట్టెలో ఉంటే ఆ పెట్టె కొలతకే పాడాలి

గ్రామఫోన్ కంపెనీ మన దేశంలో తొలి రికార్డింగులు చేసింది 1902లో, కలకత్తాలో. గౌహర్ జాన్ పాడింది. అప్పటి ప్లేటుకు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. ఆ కొలత మన నాటకాల పద్యం మీద కూడా పడింది. తెల్లవార్లూ ఆడే 'రాయబారం'లో ఒక్క పద్యానికి పావుగంట రాగం తీసే నటుడు, ప్లేటు కోసం అదే పద్యాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటివాళ్లు ఆ చిన్న చోటులోనే గొప్పగా పాడి ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్నారు. కానీ ఒకసారి ఆలోచించండి: స్టేజీ మీద వన్స్‌మోర్ కొట్టించుకున్న ఆ పావుగంట రాగం మనకు దక్కలేదు. ప్లేటు పట్టినంతే దక్కింది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ ఎక్కువసేపు ఆడే ఎల్పీ ప్లేటు తెచ్చింది. వైపుకు ఇరవై నిమిషాల పైన పట్టేది. కానీ దాన్ని అచ్చువేయాలంటే పెద్ద కంపెనీ కావాలి, ఆడించాలంటే డబ్బున్న ఇల్లు కావాలి. అసలు మార్పు క్యాసెట్‌తో వచ్చింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఆ చిన్న డబ్బా, 1980లలో మన పల్లెలకు చేరింది. టి-సిరీస్ గుల్షన్ కుమార్ ధరలు నేలకు దించాడు. గంట పట్టే క్యాసెట్, గంటన్నర పట్టే క్యాసెట్ వచ్చాయి. కథ చెప్పేవాడికి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. వంతపాటగాడు 'తందాన తాన' అనడానికీ, మధ్యలో హాస్యం చెప్పడానికీ, వచనం నడపడానికీ వీలైంది. షేక్ నాజర్ దారిలో నడిచిన ఎన్నో బుర్రకథ దళాలు, చుక్క సత్తయ్య లాంటి ఒగ్గు కథకుల బాటలో వచ్చిన కళాకారులు తమ కథను ఊరు దాటించింది క్యాసెట్‌తోనే. మద్రాసు పోనక్కర్లేదు, సినిమావాళ్ల ప్రాపకం అక్కర్లేదు. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు రేడియో పెట్టని ఇళ్లలో కూడా మోగాయి. తెలంగాణ పాట ధూంధాం వేదికల దాకా రావడానికి ముందు ఏళ్ల తరబడి క్యాసెట్ల మీదే ఊరూరా తిరిగింది. ఆ మేలు మరిచిపోతే మన గొంతులు మన చేతికి ఎలా వచ్చాయో మన పిల్లలకు తెలియకుండా పోతుంది.

ఇప్పుడు ఫోను సంగతి. స్పాటిఫై అనే పాటల యాప్‌లో ఎవరైనా మీ పాటను 30 సెకన్లు వింటే ఒక వినికిడిగా లెక్క. మూడు నిమిషాల సినిమా పాట విన్నా ఒకటే, నలభై నిమిషాల మల్లన్న కథ విన్నా ఒకటే. నలభై నిమిషాలు గొంతు చించుకున్న మనిషికీ మూడు నిమిషాలు పాడిన మనిషికీ ఒకే కూలి. 2024 నుంచి ఇంకో నియమం పెట్టారు: అంతకు ముందు 12 నెలల్లో వెయ్యి వినికిళ్లు దాటని పాటకు రికార్డింగ్ తాలూకు రాయల్టీ ఒక్క పైసా కూడా లెక్క కట్టరు. ఒక జిల్లాలో, ఒక యాసలో, ఒక కులదేవత కథ పాడే మనిషికి ఏడాదికి వెయ్యి వినికిళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అదే మనిషి జాతరలో రెండు వందల క్యాసెట్లు అమ్ముకుంటే పండక్కి పిల్లలకు బట్టలు వచ్చేవి.

యాప్‌లు డబ్బు పంచే పద్ధతి కూడా తెలుసుకోండి. మీరు నెలకు కట్టిన చందా మీరు విన్న గాయకుడికి నేరుగా పోదు. అందరి చందాలూ, ప్రకటనల డబ్బూ ఒక కుప్పగా పోసి, మొత్తం వినికిళ్లలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. మీరు నెలంతా ఒక్క యక్షగాన దళాన్నే విన్నా, మీ డబ్బులో పెద్ద భాగం ఆ నెలలో దేశమంతా మోగిన పాటలకే చేరుతుంది.

డౌన్‌లోడ్ వచ్చినప్పుడు ఏం జరిగింది

జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఇంజనీర్లు తయారుచేసిన ఎంపీత్రీ పద్ధతి, మనిషి చెవికి పెద్దగా పట్టని శబ్దాలను తీసేసి పాటను కుదిస్తుంది. సీడీలో 50 ఎంబీ ఉన్న అయిదు నిమిషాల పాట 5 ఎంబీ అవుతుంది. 1999లో నాప్‌స్టర్ ఆ ఫైళ్లను ఊరికే పంచుకునే దారి చూపించింది. రెండేళ్లలో కోర్టు దాన్ని మూయించినా జనానికి అలవాటు పడిపోయింది. 2003లో ఆపిల్ కంపెనీ పాట ఒక్కంటికి 99 సెంట్లు పెట్టి కొట్టు తెరిచింది. అమెరికాలో డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకునే అలవాటు కొంతకాలం బాగానే సాగింది.

మన దగ్గర అది నిలవలేదు. ఫ్లిప్‌కార్ట్ 2012 ఫిబ్రవరిలో 'ఫ్లైట్' పేరుతో ఎంపీత్రీ పాటల దుకాణం తెరిచి, 2013 జూన్‌లో మూసేసింది. ఆపిల్ దుకాణం 2012 చివర్లో మన దేశానికి వచ్చినా పల్లె దాకా రాలేదు. మన పల్లెకు డౌన్‌లోడ్ వచ్చిన దారి వేరు. మొబైల్ రీచార్జి కొట్టు ముందు "మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అని బోర్డు గుర్తుందా? ఇరవై రూపాయలో ముప్పై రూపాయలో ఇస్తే కార్డు నిండా పాటలు. అంతకు ముందు హైదరాబాదు కోఠిలో, విజయవాడ బీసెంట్ రోడ్డులో పేవ్‌మెంటు మీద వంద పాటల ఎంపీత్రీ సీడీలు. ఆ డబ్బులో రాసినవాడికి, కట్టినవాడికి, పాడినవాడికి దమ్మిడీ చేరలేదు. కొట్టు నడిపిన కుర్రాణ్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్లి, పాటల చిట్టీ రాసిచ్చి రికార్డింగ్ సెంటర్లో నింపించుకున్న తరం కూడా చేసింది అదే పని. ఆ కుర్రాడికీ మనకూ న్యాయంగా కొనుక్కునే దారి ఎవరూ చూపించలేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డౌన్‌లోడ్ కూడా పాతబడింది. నెట్ చౌకైతే పాటను దాచుకోవడం ఎందుకు? ప్రపంచం మొత్తం మీద రికార్డు పాటల వ్యాపారంలో 2014లో సీడీల వంటి వస్తువుల ఆదాయం, డిజిటల్ ఆదాయం సరిసమానంగా 46 శాతం చొప్పున ఉండేవి. 2024 నాటికి, దాచుకోకుండా నెట్‌లోనే వినే స్ట్రీమింగ్ వాటా ఒక్కటే 69 శాతం. అమెరికాలో ఎల్పీలు మళ్లీ అమ్ముడవుతున్నాయి. 2022లో లెక్కకు సీడీలను దాటాయి కూడా. అది వేల రూపాయలు పెట్టి కొనుక్కోగలవాళ్ల ముచ్చట. మన ఒగ్గుకథకు ఎల్పీ ఎవరూ వేయరు.

మన సినిమావాళ్ల దారీ మారింది. ఆడియో ఫంక్షన్ పెట్టి, ముఖ్య అతిథి చేత తొలి క్యాసెట్, తర్వాత తొలి సీడీ ఆవిష్కరింపజేసే రోజులు పోయాయి. ఇప్పుడు ఒక్కో పాటను లిరికల్ వీడియోగా వదులుతారు. 'అల వైకుంఠపురములో' 2020 సంక్రాంతికి విడుదలైతే 'సామజవరగమన' 2019 సెప్టెంబరులోనే వచ్చి ఊరంతా మోగింది. సినిమాకు అది బాగానే పనికొచ్చింది. ఆ దారిలో నడవాలంటే లక్షల ఖర్చు, వెనక కంపెనీ ఉండాలి.

మేలు జరగలేదని అనం. ఫోను వచ్చాకే పొలంలో నాటు వేస్తూ పాడుకునే అవ్వల పాటలు దేశాలు దాటాయి. డల్లాస్‌లో, దుబాయిలో ఉన్న మన పిల్లలు బతుకమ్మ ఆడుతూ ఆ పాటలే పెట్టుకుంటున్నారు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గొంతు 2021లో 'భీమ్లా నాయక్' పాటతో కోట్లమందికి వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగులయ్య కట్టడం పనుల దగ్గర కూలి చేస్తున్న వీడియో రాష్ట్రమంతా చూసింది. కోట్ల వ్యూస్ పాడినవాడి పొయ్యి దాకా రావడం లేదు. ఇది అందరం తలెత్తి అడగాల్సిన సంగతి.

పేరు ఎక్కడ పోయింది?

క్యాసెట్ డబ్బా తెరిస్తే మడత కాగితం ఉండేది. అక్షరాలు చీమల్లా ఉన్నా అన్నీ ఉండేవి. రచన ఎవరు, గానం ఎవరు, హార్మోనియం ఎవరు, డోలు ఎవరు, ఏ ఊరి దళం, ఏ స్టూడియో. పద్యం వింటూ ఆ కాగితం చదివి చదివి హార్మోనిస్టుల పేర్లు నోటికి వచ్చిన రైతులున్నారు మన ఊళ్లలో.

డౌన్‌లోడ్ కాగానే ఆ కాగితం ఊడిపోయింది. ఫైలు పేరు 'ట్రాక్ 01'. దానికి ముందు దొంగ సైటు పేరు తగిలించి ఉంటుంది. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన బుర్రకథకు 'సూపర్ హిట్ జానపదం' అని పేరు, కింద చానల్ యజమాని ఫోన్ నెంబరు. కథకుడి పేరు లేదు, డక్కీ వాయించిన వంతల పేర్లు అసలే లేవు. ఇక ఆ పాటకు డబ్బు వచ్చినా ఎవరికి ఇస్తారు? 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' కోట్ల వ్యూస్ దాటినప్పుడు, ఆ జానపదాన్ని ముందు సేకరించింది ఎవరు, గుర్తింపు ఎవరికి దక్కాలి అని ఎంత రగడ జరిగిందో చూశాం. పాత క్యాసెట్లు, వాటి మడత కాగితాలు ఊరూరా భద్రంగా ఉంటే, ఏ పాటను ఎవరు ఎప్పుడు ఎక్కడ పాడారో చూపించడానికి సాక్ష్యం మన చేతిలో ఉంటుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కితే ఇక చావు లేదన్న నమ్మకం కూడా వద్దు. మైస్పేస్ అనే సంస్థ 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలను సర్వర్లు మార్చేటప్పుడు పోగొట్టుకుంది. 2019లో ఆ సంగతి బయటపడింది. పోయినవి దాదాపు 5 కోట్ల పాటలు. మన దేశంలో ఎయిర్‌టెల్ వారి వింక్ యాప్ 2024లో మూతపడింది. ఎక్కించినవాళ్లు తమ దగ్గర అసలు ప్రతి లేకుండా ఆ కంపెనీల మీద భారం వేసి ఉంటే ఇక అంతే సంగతులు.

చట్టం ఏం చెబుతోంది

పాట రాసేవాళ్లు, కట్టేవాళ్లు, పాడేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా కొట్లాడాడు. ఆ సవరణ ప్రకారం, సినిమాలోకి గానీ ఆల్బమ్‌లోకి గానీ వెళ్లిన పాటకు రచయిత, సంగీతకర్త రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకుంటూ సంతకం చేసినా అది చెల్లదు. ఒకేసారి పదివేలు చేతిలో పెట్టి "ఇక నీకు సంబంధం లేదు" అనడానికి వీల్లేదు. సినిమా హాల్లో సినిమాతో పాటు పాట ఆడటం ఒక్కటే దీనికి మినహాయింపు. పాడినవాళ్లకూ, వాయించినవాళ్లకూ ప్రదర్శనకారుల హక్కు కింద వాణిజ్య వాడకంలో రాయల్టీ ఉంది. రచయితలూ సంగీతకర్తలూ 1969 నుంచి ఉన్న ఐ.పి.ఆర్‌.ఎస్‌. సంఘంలో సభ్యులుగా చేరవచ్చు. గాయకులకు 2013లో నమోదైన వేరే సంఘం ఉంది.

చానల్ వాళ్లు పాట రికార్డు చేయడానికి పిలిస్తే వెళ్లండి, పాడండి. కాగితం మీద సంతకం పెట్టే ముందు చదివించుకోండి. తెలుగులో రాసివ్వమని అడగండి. ఒక ప్రతి మీ దగ్గర పెట్టుకోండి. వీడియో కింద మీ పేరు, మీ దళంలో ప్రతి ఒక్కరి పేరు, మీ ఊరి పేరు రాస్తేనే పాడతామని ముందే చెప్పండి. వంతపాటగాడి పేరు రాయించడం కథకుడి బాధ్యత. ఇందులో మొహమాటం పనికిరాదు.

సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన 60 ఏళ్లకు తీరిపోతుంది. కాబట్టి 1960ల మొదట్లోనో అంతకు ముందో వచ్చిన గ్రామఫోన్ ప్లేట్ల రికార్డింగుకు ఆ అడ్డంకి లేదు. రచనకు, బాణీకి మాత్రం వేరే హక్కు ఉంటుంది. రాసినవాళ్లు పోయాక 60 ఏళ్ల దాకా నడుస్తుంది. క్యాసెట్లన్నీ అంతకంటే కొత్తవే. వాటిని భద్రం చేసుకోవడం ఒక పని, లోకానికి విడుదల చేయడం మరో పని. రెండో పనికి పాడినవాళ్ల, లేదా వాళ్ల పిల్లల ఒప్పుకోలు కావాలి. వాళ్లను వెతుక్కుంటూ వెళ్లడం కూడా మన పనిలో భాగమే. నాన్న పాడిన క్యాసెట్ దొరికిందని చెబితే ఏ ఇంటివాళ్లు కాదంటారు?

ఇదివరకు మనవాళ్లు చేసిన పనే

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడు సర్కారు సొమ్ము కోసం ఎదురుచూడలేదు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్లు ఊరివాళ్లే. ఆనాటి పత్రికలను పోగేసి దాచారు కాబట్టే ఇవాళ పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరు వెళుతున్నారు. పాతిక ముప్పై ఏళ్ల కిందటి వార్తాపత్రిక చిత్తు కాగితమేనని అప్పట్లోనూ అన్నవాళ్లు ఉండే ఉంటారు. క్యాసెట్‌ను కూడా అలా దాచుకునే అదను ఇప్పుడు వచ్చింది.

మరో మాట. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేస్తున్నారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థలకు చెందాల్సిన డబ్బు, మన డబ్బు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక మంచి టేప్ డెక్కు, ఒక రికార్డు ప్లేయరు, ఒక కంప్యూటరు, పని తెలిసిన ఒక మనిషి ఉండాలని అడుగుతున్నాం. ఎవరు క్యాసెట్ తెచ్చినా ఉచితంగా కాపీ తీసి, అసలుది తిరిగి ఇవ్వాలి. కాపీ ఒకటి గ్రంథాలయంలో ఉండాలి, వచ్చి కూర్చున్న ఎవరైనా వినాలి. స్టేడియం కట్టమని అడగడం లేదు. ఒక గది చాలు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలనూ, జిల్లా గ్రంథాలయ సంస్థల ఛైర్మన్లనూ ఇదే అడగండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. ఓట్లడగడానికి వచ్చినవాళ్లనూ అడగండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

గది వచ్చేదాకా ఆగక్కర్లేదు. క్యాసెట్లు దించండి. ముందు చూడండి, వెంటనే ఆడించకండి. టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే దాన్ని విడిగా పెట్టండి. ప్లేయర్‌లో పెడితే ఆ బూజు హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి ఇంకా ఉంటే పెన్ను మొనతో విరగ్గొట్టండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరిగిపోదు.

బాగున్న క్యాసెట్‌ను చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి ఒకసారి చుట్టండి. అతుక్కున్న చుట్టలు వదులవుతాయి. ప్లేయర్ హెడ్డును దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి. స్పీకరు ముందు ఫోను పట్టుకుని రికార్డు చేయకండి, వీధి కుక్కల అరుపులు కూడా ఎక్కుతాయి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు పెట్టి ఎక్కించండి. మీ ఊళ్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇది పది నిమిషాల పని, అడిగితే సంతోషంగా చేస్తారు. వేవ్ ఫైలుగా, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో దాచమని చెప్పండి. గంట క్యాసెట్‌కు ఒక జీబీ దాకా పడుతుంది. ఎంపీత్రీ వినడానికి తర్వాత తీసుకోవచ్చు, దాచే ప్రతి మాత్రం కుదించింది కాకూడదు. రెండు వైపులా మొదటి నుంచి చివరిదాకా ఎక్కించండి. మధ్యలో దగ్గులు, మాటలు, చప్పట్లు కోసేయకండి. "మేము ఫలానా ఊరి దళం" అని కథకుడు చెప్పే ఆ ఒక్క మాటే వాళ్ల చిరునామా కావచ్చు. మూడు ప్రతులు తీసి, ఒకటి వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టండి.

ఇంట్లో తాతల నాటి ప్లేట్లు ఉంటే ఇంకా జాగ్రత్త. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్ల ప్లేట్లను లక్కతో చేశారు. ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది, క్యాసెట్ హెడ్డు తుడిచిన సీసా వాటి దగ్గరికి రానివ్వకండి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి. ఎల్పీ ముల్లుతో వాటిని ఆడించకూడదు. వాటి గాడి వెడల్పు, వేరే ముల్లు కావాలి. ఆ పని తెలిసినవాళ్లు దొరికేదాకా ఆగండి.

కాపీ తీశాం కదా అని అసలు క్యాసెట్ పారేయకండి. ఎండ, చెమ్మ తగలని చోట, స్పీకర్లకు దూరంగా నిలబెట్టి ఉంచండి. మడత కాగితాన్ని రెండు వైపులా ఫోటో తీయండి. కాగితం లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆ క్యాసెట్ వినిపించండి. ఎవరు పాడారు, ఎక్కడ కొన్నారు, ఏ జాతరలో, ఏ ఏడు, వాయించినవాళ్లు ఎవరు, ఆ దళంలో ఇప్పుడు ఎవరు బతికి ఉన్నారు, వాళ్ల పిల్లలు ఏ ఊళ్లో ఉంటున్నారు అని అడిగి ఒక తెల్ల కాగితం మీద రాయండి. తెలియనిది తెలియదనే రాయండి, ఊహించి రాయకండి. ఆ కాగితం, పాట ఫైళ్లున్న పెన్‌డ్రైవు, పైన చెప్పిన గది కావాలని కోరుతూ మీ సంతకం పెట్టిన అర్జీ పట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లండి. తీసుకున్నట్టు రసీదు అడగండి. తీసుకోకపోతే ఎందుకు తీసుకోరో రాసివ్వమనండి.

ఇట్లు,
పాట పాడినవాళ్లం, విన్నవాళ్లం, క్యాసెట్లు అమ్మి బతికినవాళ్లం

(చదివాక ఈ కాగితం పారేయకండి. టేప్‌రికార్డర్ ఇంకా పనిచేస్తున్న ఇల్లు మీ వీధిలో ఏదైనా ఉంటే వాళ్లకు ఇవ్వండి.)